సువాసన మైక్రోక్యాప్సూల్స్ జీవవిచ్ఛిన్నత: ఏ పరీక్ష ఎవరికి సరిపోతుంది?

ఉతికి ఆరేసి మడతపెట్టిన చీరను నాలుగు రోజుల తర్వాత దులిపితే మళ్ళీ గుప్పున వాసన వస్తుంది. అది ఫ్యాబ్రిక్ కండిషనర్‌లోని మైక్రోక్యాప్సూల్స్ పని. ఒక్కొక్కటి సాధారణంగా 10 నుంచి 30 మైక్రాన్ల గుండ్రటి గుళిక. లోపల సెంటు నూనె, చుట్టూ పల్చటి పాలిమర్ గోడ ఉంటాయి. రాపిడికి గోడ పగిలి నూనె గాలిలో కలుస్తుంది. పగిలిన ముక్కలు, బట్టకు అంటుకోకుండా జారిపోయిన గుళికలు మాత్రం నీళ్ళతోపాటు కాలవలోకే పోతాయి. ఈ గోడల్ని చాలాకాలంగా మెలమైన్-ఫార్మాల్డిహైడ్, పాలీయూరియా, అక్రిలేట్లతోనే ఎక్కువగా కడుతున్నారు. డిటర్జెంటు సీసాలో నెలల తరబడి నిలవాలంటే గోడ గట్టిగా ఉండాలి. సీసాలో గుళికను కాపాడే ఆ గట్టిదనమే, కాలవలోకి చేరాక బాక్టీరియాకు లొంగనివ్వదు.

యూరోపియన్ యూనియన్ 2023/2055 నిబంధన 2023 అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. ఉద్దేశపూర్వకంగా కలిపిన కృత్రిమ పాలిమర్ సూక్ష్మకణాలు బరువులో 0.01 శాతం, అంతకు మించి ఉన్న ఉత్పత్తుల అమ్మకాన్ని అది దశలవారీగా ఆపుతుంది. సువాసనల ఎన్‌క్యాప్సులేషన్‌కు ఇచ్చిన గడువు 2029 అక్టోబరు 17. గోడ విచ్ఛిన్నమవుతుందని నిబంధన చెప్పిన పద్ధతుల్లోనే రుజువు చేస్తే ఆ నిషేధం వర్తించదు. యూరప్‌కు సరుకు పంపేవాళ్ళకూ, అక్కడి కంపెనీలకు క్యాప్సూల్స్ చేసి ఇచ్చేవాళ్ళకూ 'బయోడిగ్రేడబుల్' అనే మాట ఇప్పుడు లేబుల్ మీది అలంకారం కాదు, ల్యాబ్ నివేదికతో నిలబెట్టుకోవలసిన విషయం.

ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) జీవవిచ్ఛిన్నత పరీక్షల నంబర్లు చెబుతూ చాలామంది మొదట అడిగేది '301బీనా, 301ఎఫ్‌నా?' అని. అది రెండో ప్రశ్న. ఫ్లాస్కులో ఏ నమూనా వేస్తున్నామన్నది మొదటి ప్రశ్న. ఫలితాన్ని పద్ధతికన్నా నమూనాయే ఎక్కువగా మారుస్తుంది.

అసలు పరీక్ష అవసరమా?

మూడు రకాల గోడలు ఈ నిబంధన పరిధిలోకే రావు. ప్రకృతిలో తయారై, రసాయనికంగా మార్పు చెందని పాలిమర్లు మొదటి రకం. లీటరు నీటిలో 2 గ్రాములకు మించి కరిగేవి రెండోవి. నిర్మాణంలో కార్బన్ లేనివి మూడోవి. పూర్తిగా సిలికాతో కట్టిన గోడ ఈ మూడో రకం. సిలికాకు సేంద్రియ పాలిమర్‌ను జోడిస్తే మాత్రం ఆ వెసులుబాటు పోతుంది.

ఎక్కువ మంది పొరబడేది మొదటి రకం దగ్గరే. జెలటిన్, గమ్ అరబిక్ రెండూ సహజమైనవే కదా, పరీక్ష ఎందుకు అనుకుంటారు. ఆ రెంటితో కోయసర్వేట్ (రెండు పాలిమర్లు నీటిలో కలిసి నూనె చుట్టూ పేరుకునే) గోడ కట్టి వదిలేస్తే అది కండిషనర్‌లో నిలవదు. అందుకే గ్లుటరాల్డిహైడ్‌తో క్రాస్‌లింక్ చేస్తారు, అంటే పాలిమర్ గొలుసుల్ని రసాయనికంగా ఒకదానికొకటి ముడివేస్తారు, ఆ క్షణం నుంచి అది రసాయనికంగా మారిన పాలిమర్. ఎంజైముతో క్రాస్‌లింక్ చేసినా పరీక్ష తప్పదనే ముందే లెక్క వేసుకోవడం క్షేమం.

ఫ్లాస్కులో ఏం వేయాలి

క్యాప్సూల్ బరువులో 85 శాతం నూనె, 15 శాతం గోడ అనుకుందాం. మొత్తం క్యాప్సూల్‌ని అలాగే పరీక్షకు పెడితే, నూనెలోని సువాసన పదార్థాలు తేలికగా విచ్ఛిన్నమయ్యేవైన పక్షంలో గోడ చెక్కుచెదరకపోయినా ఫలితం 80 శాతం దాటుతుంది. నెగ్గడానికి కావలసిన 60 శాతం గీత దాటినట్టు కాగితం మీద కనిపిస్తుంది, కాలవలోకి వెళ్ళే గోడ అలాగే ఉంటుంది. దీనికి తిరగబడ్డ ప్రమాదమూ ఉంది. నూనెలో థైమాల్, యూజినాల్, సిన్నమాల్డిహైడ్ లాంటి బాక్టీరియాను అణచే పదార్థాలుంటే, బాగా విచ్ఛిన్నమయ్యే గోడ కూడా ఫెయిలవుతుంది.

ఎన్‌క్యాప్సులేషన్ పాలిమర్లను మూడు రూపాల్లో దేనితోనైనా పరీక్షించవచ్చని నిబంధన అంటుంది: మార్కెట్లోకి వెళ్ళే రూపంలో, లేదా విడదీసిన గోడగా, లేదా లోపలి సేంద్రియ పదార్థం బదులు గాజులాంటి జడపదార్థం పెట్టి. గోడ మందం అసలు క్యాప్సూల్ గోడతో పోల్చదగినదిగా ఉండాలి. మొదటి రూపానికి అనుమతి ఉన్నా మా సలహా దాని జోలికి వెళ్ళొద్దనే. అందులో నెగ్గిన ఫలితం గోడ గురించి ఏమీ చెప్పదు. నిశితంగా చదివే కొనుగోలుదారు మొదట పట్టుకునేదీ దాన్నే.

గాజు పూసల దారి అందరికీ కుదరదు. పాలీయూరియా గోడ నూనె, నీరు కలిసే సరిహద్దులో పుడుతుంది. నూనె లేకపోతే ఆ సరిహద్దే లేదు, గాజు మీద కట్టింది అదే గోడ కాదు. పైపూతగా వేసే గోడలకు గాజు బాగా నప్పుతుంది. ఇంటర్‌ఫేషియల్ పాలిమరైజేషన్‌తో కట్టే గోడలకు విడదీయడమే మేలు.

విడదీయడం ఇలా. స్లర్రీని (క్యాప్సూల్స్ ఉన్న చిక్కటి ద్రవాన్ని) సెంట్రిఫ్యూజ్ చేసి పైనీరు పారబోయాలి. డీఅయనైజ్డ్ నీటితో మూడు నాలుగుసార్లు కడగాలి. గోడ చుట్టూ అంటుకున్న పాలీవినైల్ ఆల్కహాల్, సర్ఫాక్టెంటు, ప్రిజర్వేటివ్ ఈ కడుగుళ్ళలోనే పోవాలి. తర్వాత ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి నూరి గుళికల్ని పగలగొట్టాలి. ఇథనాల్‌తోనో ఇథైల్ ఎసిటేట్‌తోనో నూనెను పలుమార్లు లాగి, సాల్వెంట్ ఆనవాళ్ళు పోయేదాకా మళ్ళీ నీటితో కడగాలి. ఇథనాల్ బాక్టీరియాకు మంచి తిండి, కొంచెం మిగిలినా ఫలితాన్ని పైకి లాగుతుంది. ఇక్కడ మితం కూడా అవసరమే. రోజుల తరబడి బలమైన సాల్వెంట్‌లో ఉంచితే గోడలోని చిన్న గొలుసులు కూడా కొట్టుకుపోయి, అసలు గోడకన్నా మొండిదాన్ని పరీక్షించినట్టవుతుంది.

నూనె ఎంత మిగిలిందో కొలవకుండా నమూనా పంపకూడదు. ఎందుకో ఈ లెక్కలో చూడండి. గోడలో కార్బన్ 45 శాతం. మిగిలిన నూనె లినలూల్ లాంటిది, దాని కార్బన్ 78 శాతం. నమూనాలో నూనె బరువుకి 5 శాతమే మిగిలింది. కానీ కార్బన్ లెక్కలో ఆ నూనె వాటా 8.4 శాతం. పరీక్షలో 62 శాతం వచ్చిందనుకుంటే, నూనె మొత్తం విచ్ఛిన్నమైందన్న లెక్కన దాన్ని తీసేస్తే గోడకు మిగిలేది 58.5 శాతమే. నెగ్గిన గోడ కాస్తా ఓడిపోయింది. వేడిచేస్తూ బరువు తగ్గుదల చూసే థర్మోగ్రావిమెట్రీతోనూ, సాల్వెంట్ తీసి గ్యాస్ క్రొమటోగ్రఫీతోనూ మిగులు నూనెను 1 శాతం లోపుకు తెచ్చాకే ముందుకు వెళ్ళండి.

గోడను పొడిగా ఆరబెట్టొద్దు. ఆరిన గోడముక్కలు అట్టకట్టి మళ్ళీ నీటిలో విడిపోవు. బాక్టీరియాకు అందే ఉపరితలం తగ్గుతుంది, పరీక్ష నెమ్మదిస్తుంది. నీటిలోనే ఉంచి, కొంత భాగాన్ని 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి ఘనపదార్థం శాతం తెలుసుకుని, కార్బన్‌ను ఎలిమెంటల్ ఎనలైజర్‌లో కొలిస్తే చాలు.

పద్ధతుల మధ్య ఎంపిక

నిబంధన పరీక్షల్ని వర్గాలుగా విభజించింది. మొదటి వర్గంలో ఓఈసీడీ 301బీ, 301సీ, 301డీ, 301ఎఫ్, 310 ఉన్నాయి. 28 రోజుల్లో 60 శాతం కార్బన్ పూర్తిగా కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి, లేదా దానికి సరిపడా ఆక్సిజన్ ఖర్చుకావాలి. 301ఏ, 301ఈ ఈ జాబితాలో లేవు, దానికి బలమైన కారణమే ఉంది. అవి నీటిలో కరిగిన కార్బన్ తగ్గుదలను కొలుస్తాయి. నీటిలో కరగని గోడ ఫిల్టరులోనే ఆగిపోతుంది కాబట్టి వాటికి అది కనపడదు. ఆ పద్ధతుల్లో చేసిన పాత నివేదికలు ఎవరైనా చూపిస్తే పక్కన పెట్టేయండి.

నిజమైన పోటీ 301బీ, 301ఎఫ్, 310 మధ్యే.

301ఎఫ్‌లో మూసిన సీసాలో ఆక్సిజన్ ఖర్చును పీడనం తగ్గుదలగా కొలుస్తారు. విడుదలైన కార్బన్ డయాక్సైడ్‌ను క్షారం పీల్చుకుంటుంది. రీడింగులు తమంతట తామే నమోదవుతాయి, వక్రరేఖ రోజురోజుకీ కనిపిస్తుంది, శ్రమ తక్కువ. లీటరుకు 100 మి.గ్రా. నమూనా వేస్తారు. బ్లాంక్ (నమూనా వేయని సీసా) ఆక్సిజన్ ఖర్చు మామూలుగా లీటరుకు 20 నుంచి 30 మి.గ్రా., 60 దాటకూడదు. నమూనా సిద్ధాంత ఆక్సిజన్ అవసరం (అదంతా విచ్ఛిన్నమైతే ఖర్చయ్యే ఆక్సిజన్) లీటరుకు 120 మి.గ్రా. ఉందనుకుంటే సంకేతం బ్లాంక్ మీద స్పష్టంగా తేలుతుంది.

చిక్కు నైట్రోజన్‌తో వస్తుంది. గోడలో నైట్రోజన్ ఉంటే బాక్టీరియా దాన్ని అమ్మోనియాగా వదలొచ్చు, నైట్రేట్ దాకా ఆక్సీకరించనూ వచ్చు. రెండో పనికి అదనపు ఆక్సిజన్ కావాలి. కైటోసాన్ యూనిట్ తీసుకుంటే, అమ్మోనియా దగ్గర ఆగితే గ్రాముకు 1.19 గ్రాముల ఆక్సిజన్, నైట్రేట్ దాకా వెళితే 1.59 గ్రాములు. నిజంగా నైట్రేట్ దాకా వెళ్ళి 60 శాతమే విచ్ఛిన్నమైన నమూనాను అమ్మోనియా లెక్కతో భాగిస్తే 80 శాతం అని వస్తుంది. ఒకే సీసా, ఒకే రీడింగు, రెండు వేర్వేరు జవాబులు. ముగింపులో నైట్రేట్, నైట్రైట్ కొలిచి సవరించవచ్చు కానీ, నైట్రోజన్ దండిగా ఉన్న గోడల్లో ఆ సవరణ మీదే తీర్పు ఆధారపడితే దాన్ని గట్టిగా సమర్థించడం కష్టం.

కాబట్టి కైటోసాన్, జెలటిన్, పాలీయూరియా లాంటి గోడలకు కార్బన్ డయాక్సైడ్‌ను నేరుగా కొలిచే 301బీ మంచిది. నైట్రోజన్ లేని పాలిస్టర్, సెల్యులోజ్, ఆల్జినేట్ గోడలకు 301ఎఫ్ చాలు.

301బీలో కార్బన్ డయాక్సైడ్ తీసేసిన గాలిని 3 లీటర్ల ద్రావణంలోంచి పంపి, బయటికొచ్చిన వాయువును బేరియం హైడ్రాక్సైడ్ సీసాల్లో పట్టి టైట్రేట్ చేస్తారు. దీని బలహీనత బ్లాంక్. లీటరుకు 15 మి.గ్రా. కార్బన్ వేస్తే ఫ్లాస్కులో 45 మి.గ్రా. ఉంటుంది. అదంతా విచ్ఛిన్నమైతే వచ్చేది 165 మి.గ్రా. కార్బన్ డయాక్సైడ్, 60 శాతం గీత 99 మి.గ్రా. దగ్గర. బ్లాంక్‌కు పద్ధతి ఇచ్చిన హద్దు లీటరుకు 40 మి.గ్రా., అంటే 3 లీటర్లకు 120. అనుమతించిన బ్లాంకే మనం వెతికే సంకేతంకన్నా పెద్దదన్నమాట! ఆ హద్దు అంచున ఉన్న బ్లాంక్‌లో 10 శాతం తేడా వస్తే ఫలితం 7 శాతం అటూ ఇటూ అవుతుంది. ల్యాబ్ పాత నివేదికల్లో బ్లాంక్ లీటరుకు 20 మి.గ్రా. లోపల ఉందేమో అడిగి తెలుసుకోండి. గొట్టాల లీకులు, పాతబడిన సోడాలైమ్, 28వ రోజున ఆమ్లం వేసి కరిగి ఉన్న వాయువును రాత్రంతా గాలితో బయటికి తరమడం మరచిపోవడం, ఈ మూడింటి వల్లే ఎక్కువ పరీక్షలు పాడవుతాయి.

310లో మూతవేసిన చిన్న సీసాల్లో పైభాగపు వాయువును, ద్రవాన్ని కలిపి అకర్బన కార్బన్ కొలుస్తారు. సీసాకు 107 మి.లీ. ద్రవంలో సుమారు 2 మి.గ్రా. కార్బన్, అంటే 5 మి.గ్రా. గోడ. నమూనా అతి కొద్దిగా ఉన్నప్పుడు ఇదే దిక్కు. కానీ ప్రతి సీసాలోనూ సరిగ్గా అంతే పడాలి. స్లర్రీ కలుపుతున్నప్పుడే పిపెట్‌తో తీయకపోతే ఒక సీసాలో గడ్డ, పక్క సీసాలో నీళ్ళు పడి ఫలితాలు చెదురుతాయి. అందుకే చివరి రోజుకు కనీసం అయిదు సీసాలు పెట్టుకుంటారు.

301డీ వద్దు. 300 మి.లీ. సీసాలో లీటరుకు 2 మి.గ్రా. అంటే 0.6 మి.గ్రా. గోడ, బాక్టీరియా కూడా బహు పల్చన. అందులో నెగ్గితే మంచిదే, ఓడితే ఏమీ తెలియదు. 301సీ జపాన్ పద్ధతి, పది చోట్ల నుంచి సేకరించి పెంచిన స్లడ్జ్ (బాక్టీరియాతో నిండిన మురుగు మడ్డి) కావాలి, ఆ ఏర్పాటు ఉన్న ల్యాబుకే సాధ్యం.

28 రోజులా, 60 రోజులా

రెండో వర్గం ఇవే పద్ధతుల్ని 60 రోజులకు పొడిగిస్తుంది, గీత అదే 60 శాతం. మొదటినుంచే 60 రోజుల స్లాట్ తీసుకోవడం తెలివైన పని. 28వ రోజుకే దాటితే అక్కడే ఆపొచ్చు, దాటకపోతే మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.

పొడిగించాలా వద్దా అన్నది వక్రరేఖ చెబుతుంది. 28వ రోజున 45 శాతం ఉండి ఇంకా ఎక్కుతుంటే పొడిగించండి. 12వ రోజుకే 45కి చేరి తర్వాత బల్లపరుపుగా పడి ఉంటే 60 రోజులైనా అంతే. తినదగ్గ భాగం అయిపోయింది, మిగిలింది మొండి భాగం. అలాంటప్పుడు డబ్బు పరీక్ష మీద కాక గోడ కెమిస్ట్రీ మీద పెట్టాలి. రెండు పాలిమర్లు కలిపిన గోడల్లో ఈ ఆకారం తరచు కనిపిస్తుంది. బాగా విచ్ఛిన్నమయ్యేది మొండిదాన్ని మోసుకుంటూ సగటును గీత దాటించడం న్యాయం కాదు. అందుకే కలగలుపు గోడలో ప్రతి పాలిమర్ విచ్ఛిన్నమైనట్టు విడిగా చూపాలని నిబంధన అడుగుతుంది.

ఇవీ కుదరకపోతే మూడో వర్గంలో 14 రోజుల్లో 70 శాతం కోరే 302సీ ఉంది, ఆపైన ఐఎస్ఓ 14851, 14852 లాంటి ఆరు నెలల పరీక్షలు. వీటిలో రిఫరెన్స్ పదార్థంతో పోల్చి 90 శాతం రావాలి. మొదటి మూడు వర్గాల్లో ఒక్క పరీక్ష నెగ్గితే చాలు. ఆరు నెలల దారిలో మాత్రం ఒకటికి మించిన పర్యావరణాల్లో రుజువు చూపాలి. అక్కడికి వెళ్ళే ముందు గోడను మార్చడం చవకేమో ఒకసారి లెక్క వేయండి.

గోడను బట్టి అంచనా

మెలమైన్-ఫార్మాల్డిహైడ్‌ను పరీక్షకు పంపడం వృథా. ఎంత కడిగినా, ఎన్నాళ్ళు పొడిగించినా అది ఈ గీత దాటదు. పాలీలాక్టిక్ యాసిడ్ మీద ఆశ పెట్టుకున్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. అది సుమారు 58 డిగ్రీల కంపోస్టులో విచ్ఛిన్నమవుతుంది, 22 డిగ్రీల నీటిలో 28 రోజులకు దాదాపు కదలదు. 'కంపోస్టబుల్' సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు. కైటోసాన్, జెలటిన్ గోడల్లో అంతా క్రాస్‌లింకర్ మోతాదు చేతిలో ఉంటుంది. ఎక్కువైతే నూనె నిలుస్తుంది, పరీక్ష పోతుంది. తక్కువైతే పరీక్ష నెగ్గుతుంది, సీసాలో నూనె కారుతుంది. అందుకని ఒకే మోతాదు కాక మూడు మోతాదులు చేసి, మూడింటి మీదా 301ఎఫ్‌తో సొంత ల్యాబులోనే తొలి పరీక్ష పెట్టి, నెగ్గేలా కనిపించినదాన్నే ధ్రువీకృత ల్యాబుకు పంపండి. కైటోసాన్‌కు నైట్రోజన్ సమస్య ఉన్నా, మూడింటిని ఒకదానితో ఒకటి పోల్చడానికి 301ఎఫ్ పనికొస్తుంది.

స్లడ్జ్, ల్యాబ్

ఇనాక్యులం, అంటే ఫ్లాస్కులో వేసే బాక్టీరియా, ప్రధానంగా ఇళ్ళ మురుగు శుద్ధిచేసే కేంద్రం నుంచి రావాలి, పరీక్ష పదార్థానికి ముందే అలవాటుపడి ఉండకూడదు. హైదరాబాద్‌లో అంబర్‌పేట కేంద్రం దగ్గరే కదా అనిపిస్తుంది. కానీ పటాన్‌చెరు పారిశ్రామిక శుద్ధి కేంద్రం నీటిని అక్కడికి చేర్చడానికి 18 కిలోమీటర్ల గొట్టం వేసిన చరిత్ర ఉంది. స్లడ్జ్ ఎక్కడిదో, ఆ లైనులో ఏం కలుస్తోందో ల్యాబ్‌ను రాతపూర్వకంగా అడగండి. తెచ్చిన స్లడ్జ్‌ను 5 నుంచి 7 రోజులు ఏమీ తినిపించకుండా గాలి కొడితే బ్లాంక్ దిగుతుంది. ఇది అనుమతించిన పనే.

ప్రతి పరీక్షలో సోడియం బెంజోయేట్ లాంటి రిఫరెన్స్ (తేలికగా విచ్ఛిన్నమవుతుందని తెలిసిన పదార్థం) 14వ రోజుకు 60 శాతం దాటాలి. గోడ, రిఫరెన్స్ కలిపిన టాక్సిసిటీ కంట్రోల్ 14 రోజుల్లో 25 శాతం కూడా చేరకపోతే, గోడలో ఏదో బాక్టీరియాను అణుస్తోందని అర్థం. తరచు అది కడుగులో మిగిలిన ప్రిజర్వేటివో, విడిగా ఉన్న ఆల్డిహైడో. అప్పుడు ఫెయిల్ అని రాయించుకోవద్దు, నమూనాను మళ్ళీ కడిగించండి.

పరీక్ష జీఎల్‌పీ (మంచి ప్రయోగశాల పద్ధతుల నియమావళి) కింద కానీ, ఐఎస్ఓ 17025 (ల్యాబుల సామర్థ్య ప్రమాణం) గుర్తింపు కింద కానీ జరగాలి. ఓఈసీడీ పరస్పర అంగీకార వ్యవస్థలో భారత్ 2011 నుంచి పూర్తి భాగస్వామి కాబట్టి, మన జాతీయ జీఎల్‌పీ అథారిటీ గుర్తించిన ల్యాబ్ నివేదిక యూరప్‌లో చెల్లుతుంది. అయితే సర్టిఫికెట్ ఉంటే సరిపోదు, దాని పరిధిలో జీవవిచ్ఛిన్నత పరీక్షలు ఉన్నాయో లేదో చూడాలి. ఎండాకాలంలో 22 డిగ్రీలను 60 రోజులు నిలబెట్టే చల్లదనం, కరెంటు పోయినా ఆగని బ్యాకప్ ఉన్నాయా అనీ అడగాలి. 301ఎఫ్ సీసాలు ఒక్క మధ్యాహ్నం వేడెక్కితే పీడనం రీడింగు మొత్తం చెడుతుంది.

నమూనా ఎంత పంపాలంటే, 301బీలో ఒక్కో ఫ్లాస్కుకు సుమారు 100 మి.గ్రా. గోడ పడుతుంది. రెండు పరీక్ష ఫ్లాస్కులు, టాక్సిసిటీ కంట్రోల్, స్టెరైల్ కంట్రోల్ (బాక్టీరియా లేనిది), కార్బన్, మిగులు నూనె కొలతలు, ఒకసారి మళ్ళీ చేయడానికి నిల్వ, అన్నీ కలిపి 2 గ్రాములు ఉంచుకోండి. స్లర్రీలో 30 శాతం క్యాప్సూల్స్, వాటిలో 15 శాతం గోడ ఉంటే 2 గ్రాములకు కనీసం 45 గ్రాముల స్లర్రీ కావాలి. కడుగుళ్ళలో సగం పోతుందనుకుని 100 గ్రాములతో మొదలుపెట్టండి. ప్రిజర్వేటివ్ లేని తడి నమూనా కాబట్టి 2 నుంచి 8 డిగ్రీల మధ్య పంపాలి. గడ్డకట్టించకూడదు, గోడ ఆకారం, మందం మారతాయి. కైటోసాన్, జెలటిన్ గోడలైతే వారం దాటకుండా ఫ్లాస్కులో పడేలా ల్యాబ్‌తో తేదీ ఖాయం చేసుకున్నాకే కడగడం మొదలుపెట్టండి. బూజు పట్టిన నమూనాలో విచ్ఛిన్నం దారిలోనే మొదలైపోయి ఉంటుంది.